మా ఊరి నాలుక

మా అన్న ఖమ్మూన్ గురించి రాద్దామని కూర్చుంటే నాకు ముందు కోపం వస్తుంది. అది తగ్గాక నిదానంగా రాద్దామని చాలాసార్లు చూశాను. తగ్గడం లేదు. అందుకే కోపంతోనే మొదలుపెడుతున్నాను.

అన్న ఊరి పెద్ద కాదు, గుడి కమిటీలో లేడు, చదువు నాలుగో తరగతితో ఆగిపోయింది. కాస్త వరిపొలం, వరదకాలంలో చేపల వేట, ఎండాకాలంలో చౌడు నేల గీకి ఆ మట్టినీళ్ళు మరగబెట్టి ఉప్పు తీయడం. సోంగ్‌ఖ్రామ్ ఏటి వెంట మగవాళ్ళందరి బతుకూ ఇంతే. అయినా మా ఊళ్ళో పెళ్ళి జరిగినా, శవం లేచినా, ఎవరైనా కొత్త ఇంట్లో చేరినా, మా అన్న వచ్చేదాకా కూర పొయ్యి మీంచి దిగేది కాదు. రుచి చూసేది అతనే.

విందుకి పదిమంది మగవాళ్ళు కలిసి వండుతారు. తలా ఒక మాట అంటే కూర పాడవుతుందని చివరి మాట ఒక్కరికే వదిలేస్తారు. అన్న జిగురన్నం చిన్న ముద్ద చేసి, వెదురు కొమ్ముల కూరలో ముంచి, నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. వంటపందిట్లో మాటలు ఆగిపోయేవి. తర్వాత కళ్ళు తెరిచి "ఇంకో గరిటె" అనేవాడు, లేదంటే "చాలు" అనేవాడు. గరిటె అంటే పాదేక్ గరిటె. జాడీలో ఉప్పుతో, వేయించిన తవుడుతో కలిపి ఏడాది పాటు ఊరబెట్టిన చేపల ఊట. అతను "చాలు" అన్నాక ఇంకెవరూ కుండలో వేలు పెట్టకూడదు. పెడితే అతన్ని అవమానించినట్టే. ముప్పై ఏళ్ళుగా ఆ అవమానం ఎవరూ చెయ్యలేదు.

వయసులో ఉండగా ఒకసారి మేడలు కట్టే పనికి బ్యాంకాక్ వెళ్ళాడు. వానలు పడకముందే మూట సర్దుకుని వచ్చేశాడు. ఎవరైనా కొట్టారా, కూలి ఎగ్గొట్టారా అని అమ్మ ఒకటే కంగారు.

"గట్లేం లేదమ్మా. ఆడ కూరలన్నీ తీపే. చక్కెర నీళ్ళల్ల అన్నం కలుపుకున్నట్టున్నది" అన్నాడట.

పెళ్ళి కూడా అలాగే చేసుకున్నాడు. పక్క ఊళ్ళో ఎవరింట్లోనో కూర తిని, ఈ పాదేక్ ఎవరు పెట్టారని ఆరా తీస్తూ ఒన్సా ఇంటిదాకా పోయాడు. "నన్ను సూసి రాలే, నా జాడీని సూసి వచ్చిండు" అని ఒన్సా వదిన ఇప్పటికీ దెప్పుతుంది. అన్న కాదని అనడు. నవ్వి ఊరుకుంటాడు.

నేను చంథీని, అతని చెల్లెల్ని. పక్కిల్లే నాది. ఊరికి ఆరోగ్య కార్యకర్తని. ఇంటింటికీ తిరిగి రక్తపోటు చూడటం, మందులు వేసుకుంటున్నారో లేదో కనుక్కోవడం, చెప్పిన మాటే మళ్ళీ మళ్ళీ చెప్పడం నా పని. మందులు వేసుకుంటున్నాం అని అందరూ అంటారు. మాత్రలు మాత్రం దేవుడి పీట మీద దుమ్ము పట్టి ఉంటాయి.

అన్న రక్తపోటు ఎప్పుడు చూసినా ఎక్కువే. పొద్దున్నే కళ్ళ కింద ఉబ్బు, సాయంత్రానికి చీలమండల దగ్గర వాపు కనిపించేసరికి పెద్దాసుపత్రికి లాక్కెళ్ళాను. అక్కడి డాక్టరు కుర్రవాడు, బ్యాంకాక్ మనిషి, మంచివాడే. వాళ్ళ మధ్య మాటలు నాకు ఇంకా చెవుల్లో ఉన్నాయి.

"పెద్దాయనా, మీరు ఉప్పగా తింటారా?"

"నేనా? ముట్టనే ముట్ట సారూ. ఉప్పన ఏది పెట్టినా పక్కకు నూకుత."

"నిజంగానా?"

"ఒట్టు సారూ. మా చెల్లెను అడుగుండ్రి."

నేను అవునని తల ఊపాను. మేమిద్దరం అబద్ధం చెప్పలేదు. అసలు గొడవంతా అక్కడే ఉంది. మా మాటల్లో ఉప్పన వేరు, నువా వేరు. ఉప్పన అంటే ఎండు చేప, ఉప్పు రాసి ఎండబెట్టిన మాంసం, నాలుక చుర్రుమనేవి. నువా అంటే రుచులన్నీ కలిసిపోయి నోరంతా నిండే కమ్మదనం. పాదేక్ నువా. పాదేక్‌ని ఉప్పన అన్నవాడు మా ఊళ్ళో పుట్టలేదు. జాడీలోకి పోసేటప్పుడు అది ఉప్పే, మా అన్న స్వయంగా వండిన ఉప్పే. ఏడాది తర్వాత మూత తీస్తే ఆ పేరు పోయి ఉంటుంది. పాపం ఆ డాక్టరుకి ఇది ఎలా తెలుస్తుంది? రోగి ఉప్పు తినడని రాసుకున్నాడు, మందులు పెంచి పంపాడు. ఇంటికి రాగానే అన్న బొప్పాయికాయ పచ్చడి దంపించుకుని, అందులో రెండు గరిటెలు పాదేక్ పోయించుకుని, ఆసుపత్రి వల్ల ఆలస్యమైన భోజనం చేశాడు. అలా ఎన్ని సంవత్సరాలు గడిచాయో తలచుకుంటే తల బాదుకోవాలనిపిస్తుంది.

నాకు కళ్ళు తెరుచుకున్నది మా కార్యకర్తలకు ఉప్పు కొలిచే పుల్లలు ఇచ్చినప్పుడు. ఎలక్ట్రిక్ పుల్ల. కూరలో ముంచితే బొమ్మ ముఖం వస్తుంది: తక్కువైతే నవ్వుతుంది, ఎక్కువైతే ఏడుస్తుంది. ఆ రోజు ఆసుపత్రి నర్సమ్మ ఒక చిన్న చెంచాలో ఉప్పు తీసి వేలితో అంచుకి సమంగా గీసి చూపించింది. మనిషికి రోజంతటికీ అంతే, ఇంక దాటకూడదు అంది. అందులోనే చేపల సాసు లెక్క, పాదేక్ లెక్క, తెల్ల రుచిపొడి లెక్క, పొట్లం నూడుల్స్ లెక్క. దాటితే రక్తపోటు పెరుగుతుంది, గుండె మీద బరువు పడుతుంది, మెదడులో నరం చిట్లవచ్చు, కిడ్నీలు అరిగిపోతాయి. కిడ్నీ అరిగేటప్పుడు నొప్పి పుట్టదట. నొప్పి ఉంటే మావాళ్ళు ఎప్పుడో వినేవాళ్ళు.

పుల్ల పట్టుకుని నేరుగా వదిన వంటింట్లోకి వెళ్ళి కూరకుండలో ముంచాను. ముఖం ఏడ్చింది.

"ఏందే గది?" అంది వదిన.

"ఉప్పు ఎక్కువైందని చెప్తున్నది వదినా."

"నా జాడీని సూసి ఏడ్సే పుల్లను నా ఇంట్లకు తేకు. పో, సీథోన్ ఇంటికి తీసుకపో. ఆయన పెండ్లాం వండింది తింటే ఎవరైనా ఏడుస్తరు."

అన్న పుల్లని అటూ ఇటూ తిప్పి చూశాడు. "దీనికి నాలుకున్నదా?" అని అడిగాడు.

"లేదన్నా."

"మరి దానికేం ఎరుక?"

ఊళ్ళో ఏ ఇంట్లో ముంచినా ఏడుపు ముఖమే వచ్చింది. "చంథీ ఏడుపుగొట్టు పుల్ల" అని దానికి పేరు పెట్టారు. నేను వీధిలో కనిపిస్తే కుండల మీద మూతలు పెట్టేసేవాళ్ళు.

తర్వాతి వరదకాలానికి అన్న చెప్పులు కాళ్ళకి ఎక్కలేదు. డాక్టరు రక్తం పరీక్ష చూసి, ఈసారి నేను నువా సంగతంతా పూసగుచ్చినట్టు చెబితే విని, పరీక్ష కాగితం మళ్ళీ ఒకసారి చదివాడు. తర్వాత అన్నతో అన్నాడు: "పెద్దాయనా, మీ కిడ్నీలు మూడోవంతు కూడా పనిచేయడం లేదు. ఈ పాదేక్ ఇలాగే తింటే త్వరలో రక్తం కడిగే మిషన్ మీదికి వెళ్ళాలి. తగ్గిస్తే మాత్రం ఉన్నదాన్ని చాలా ఏళ్ళు కాపాడుకోవచ్చు. మీ చేతిలోనే ఉంది."

అన్న భయపడ్డాడు. మిషన్ అంటే వారంలో సగం రోజులు పట్నంలో మంచం మీద పడుకోవాలి. పొలం, వల, విందులు అన్నీ పోతాయి. ఇంటి మెట్లు ఎక్కుతూ, "ఒన్సా, ఇయ్యాల్టి సంది తగ్గియ్యి" అన్నాడు.

ఆ వదిన ఉంది చూశారూ, నోరు ఎంత పెద్దదో పంతం అంత పెద్దది. గరిటె తీసి అటక మీద పారేసి చిన్న చెంచా పట్టుకుంది. పాదేక్ తగ్గించి నిమ్మరసం పెంచింది, కాల్చిన మిరపకాయ, దుంపరాష్ట్రం, సోంపు వాసన వేసే సోయాకు దట్టించింది. రుచిపొడి పొట్లం పెరట్లో పారబోసింది. మొదట్లో అన్న తిన్న ప్రతి ముద్దకీ తిట్టాడు. "గడ్డి తింటున్న" అన్నాడు, "బర్రె కూడ నాకంటె నయం, దానికి ఉప్పుగడ్డన్న పెడ్తరు" అన్నాడు. ఒకరోజు పళ్ళెం విసిరికొట్టాడు. వదిన ఆ పళ్ళెం కడిగి అదే కూర మళ్ళీ పెట్టింది. నేను నా ఇంట్లో కూడా తగ్గించాను, ఒక్కడే బాధపడుతున్నాడని అనుకోకుండా. నాకూ ఆ రోజుల్లో అన్నం సయించలేదు.

రెండు నెలలు గడిచాయేమో. సీథోన్ ఇంట్లో మనవడి పేరు పెట్టే రోజున అందరం తింటున్నాం. సీథోన్ మా అన్న ఈడువాడే, విందుల్లో మాంసం నరికే పని అతనిది. అన్న ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ముఖం చిట్లించి నా చెవిలో అన్నాడు:

"ఏందే చంథీ, ఇంత ఉప్పన చేసిన్రు? నాలుక కాలిపోతున్నది."

నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. పాదేక్ కూరని ఉప్పన అన్నాడు! మా ఊరి చరిత్రలో ఆ మాట అన్న మొదటి మనిషి మా అన్న. వాపులు తగ్గాయి. రక్తపోటు తగ్గింది. డాక్టరు రక్తపరీక్ష చూసి కిడ్నీలు నిలదొక్కుకున్నాయన్నాడు, అన్న భుజం తట్టాడు. ఆ రోజు బస్సులో అన్న కిటికీ పక్క కూర్చుని ఏదో కూనిరాగం తీశాడు. నా జీవితంలో ఒక పని సక్రమంగా చేశానని నాకు అనిపించిన రోజు అదొక్కటే.

ఆ సంతోషంలో నాకు తట్టనిదేమిటంటే, ఆ నాలుక అతనొక్కడిది కాదు.

ఊరి పెద్ద కొత్త ఇల్లు కట్టుకుని విందు పెట్టాడు. పక్క ఊళ్ళవాళ్ళు కూడా వచ్చారు. పెద్ద కుండలో వెదురు కొమ్ముల కూర ఉడికింది, ఎప్పటిలాగే అన్నని పిలిచారు. అన్న ముద్ద ముంచి, నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకున్నాడు. ముఖం విప్పారింది. అంత తృప్తిగా అతన్ని నేను ఎప్పుడూ చూడలేదు.

"చాలు" అన్నాడు.

ఎవరూ మళ్ళీ రుచి చూడలేదు. చాపలు పరిచారు, వడ్డించారు. మొదటి ముద్ద తిన్నాక మాటలు తగ్గాయి. ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఎవరో చేపల సాసు సీసా అడిగారు, తర్వాత ఇంకొకరు. చివరికి పక్క ఊరి ముసలాయన నోరు విప్పాడు.

"ఏం ఖమ్మూన్, ఏరు పొంగి కుండల్లకు వచ్చిందా?"

అందరూ పకపకా నవ్వారు. ఇంకొకడు అందుకున్నాడు: "కూరదేం తప్పులేదురా. ఉప్పంత ఇంటాయనల్నే ఉన్నది!"

మా దగ్గర పిసినారిని ఉప్పు మనిషి అంటారు. ఊరి పెద్ద ముఖం మాడిపోయింది. కొత్త ఇంట్లో, పక్క ఊళ్ళవాళ్ళ ముందు పిసినారి అనిపించుకున్నాడు. అతను అన్న వైపు ఒక్క చూపు చూసి, "సీథోన్, జర నువ్వు సూడు" అన్నాడు. సీథోన్ లేచి, అన్న చేతిలోంచి గరిటె తీసుకుని, జాడీలోంచి ఊట తోడి కుండలో పోశాడు. ఒకటి, రెండు, మూడు. కలిపి మళ్ళీ వడ్డించారు. "ఆ! ఇప్పుడు నువా!" అని చాపల మీదివాళ్ళంతా కేకలు వేశారు.

నాకు ఒళ్ళు మండింది. లేచి నిలబడ్డాను.

"మీ అందరి బీపీలు సూసేది నేనే. ఒక్కనిదన్న సక్కగున్నదా? నీది ఎంతున్నదో చెప్పాల్నా, పెద్దమనిషీ? ఈ ఊళ్ళ బాగున్న నాలుక మా అన్నదొక్కటే. మీ నాలుకలు సచ్చినయి, గందుకే మీకు సప్పగున్నది!"

వాళ్ళు ఇంకా గట్టిగా నవ్వారు. "చంథీ పుల్ల ఏడుస్తున్నది!" అన్నారు. అన్న నా చెయ్యి పట్టి కిందికి లాగాడు.

"కూసో. ఉన్న ఇజ్జత్ కూడ తియ్యకు" అన్నాడు.

ఆ తర్వాత అతన్ని ఎవరూ పిలవలేదు. తిట్టలేదు, వెలివేయలేదు, మర్యాదగానే ఉన్నారు. "పానం బాగలేదుగద, నువ్వు కూసో అన్నా" అని పందిరి కింద మంచి చోట కూర్చోబెట్టి చాయ్ ఇచ్చేవాళ్ళు. గరిటె మాత్రం సీథోన్ చేతికి పోయింది. ఇంటి కింద కూర్చుని చిరగని వలని అల్లుతూ ఉండేవాడు అన్న. వంటపందిరి నుంచి పొగ లేస్తే తల ఎత్తి చూసేవాడు.

"రక్తం బాగున్నది, కాళ్ళు బాగున్నయి, ఇంకేం గావాలె నీకు?" అని కసిరాను ఒకసారి.

"ఊరంతటికి సప్పగున్నది నాకొక్కనికి కమ్మగుంటే, గీ నాలుకతోని ఎవ్వలికి పనే?" అన్నాడు.

"నీకు పని. నీ పానానికి పని."

"పానం అందరికున్నది" అన్నాడు, మళ్ళీ వల మీదికి వంగాడు.

ఇంక నేను ఊరుకోలేకపోయాను. అతని నాలుకని వెనక్కి తేకూడదు, ఊరి నాలుకనే ఇటు తేవాలి. అందరూ ఒక చెంచా తగ్గిస్తే, రెండు నెలల్లో అందరికీ అన్న చేసిందే కమ్మగా ఉంటుంది. ఎంత సులువైన సంగతి! ఊరి మైకులో చెప్పాను. ఇంటింటికీ తిరిగి, నాలుక మారుతుంది, ఓపిక పట్టండి, మా అన్నే సాక్ష్యం అని చెప్పాను. మా అన్నే సాక్ష్యం అన్నది నా తెలివితక్కువ. అతనిలా అయిపోతామనే వాళ్ళ భయం. గుడి దగ్గర సమావేశం పెట్టించాను. నర్సమ్మ వచ్చి బొమ్మలు చూపించింది. అందరూ తలలు ఊపారు, చప్పట్లు కొట్టారు. ఊరి పెద్ద లేచి "చంథీ చెప్పింది వంద శాతం నిజం, రేపటి సంది తగ్గిద్దాం" అన్నాడు. తర్వాత భోజనం పెట్టారు. బొప్పాయి పచ్చడి, ఎండు చేప, పాదేక్ కారం. నర్సమ్మ కూడా రెండుసార్లు పెట్టించుకుంది. నేను పళ్ళెం ముందు కూర్చుని ఏడవలేక నవ్వాను.

ఆ చలికాలంలో వదిన ఒకరోజు నా ఇంటికి వచ్చి గుమ్మంలోనే నిలబడింది.

"జాడీ తగ్గుతున్నదే" అంది.

"ఏ జాడీ?"

"పాదేక్ జాడీ. నేను చెంచనే తీస్తున్న. అది మాత్రం జానెడు దిగింది."

ఇద్దరం కలిసి మధ్యాహ్నం ఇంటి వెనక్కి వెళ్ళాం. అన్న జాడీ ముందు గొంతుక్కూర్చుని, ముద్దలు చేసి ఊటలో ముంచి తింటున్నాడు. కూర లేదు, ఆకు లేదు, ఒట్టి ఊట. ముద్ద ముద్దకీ ముఖం చిట్లిస్తున్నాడు. అతనికి అది నచ్చడం లేదు. అయినా మందు మింగినట్టు మింగుతున్నాడు.

"ఏం జేస్తున్నవ్?" అని అరిచాను.

"నా నాలుకను తెచ్చుకుంటున్న" అన్నాడు, చిన్నపిల్లాడిలా.

ఆ రోజు నేను అతన్ని అనరాని మాటలు అన్నాను. వదిన జాడీ ఎత్తి పారబోయబోయింది, చేతులు రాలేదు, జాడీ పట్టుకుని ఏడ్చింది. అన్న మా ఇద్దర్నీ చూసి, "పండుగ దాక ఆగుండ్రి. ఒక్కసారి గరిటె నా చేతికి రానియ్యుండ్రి. తర్వాత మీరు పెట్టింది తింట" అన్నాడు. ఎంత బతిమాలినా, ఎంత తిట్టినా అదే మాట. కాళ్ళు మళ్ళీ వాచాయి. డాక్టరు రక్తపరీక్ష చూసి తల పట్టుకున్నాడు. ఉన్నదాంట్లో సగం పోయిందట, పోయింది తిరిగి రాదట, మిషన్‌కి చేతి నరం సిద్ధం చేయించుకోవాలట.

"పండుగ అయినంక సారూ" అన్నాడు అన్న.

పండుగ అంటే గుడిలో రోజంతా ధర్మకథ చదివే పండుగ. ఏడాదిలో అదే అతి పెద్ద విందు. దానికి కొద్ది రోజుల ముందు సీథోన్ పొలంగట్టు మీద కూలిపోయాడు. మెదడులో నరం చిట్లింది. బతికాడు గానీ మూతి ఒక పక్కకి జారిపోయింది, కుడిచెయ్యి లేవడం లేదు. నేను మొత్తుకున్న రోగం, నేను మొత్తుకున్న కారణం. ఇప్పుడైనా ఊరు ఉలిక్కిపడుతుందని అనుకున్నాను. ఊరు పడ్డ బెంగ వేరు: పండుగకి గరిటె ఎవరు పట్టాలి?

ఊరి పెద్దే అన్న ఇంటికి వచ్చాడు. "గతం మరిసిపో అన్నా. నువ్వు రావాలె. నాలుక మంచిగైందని ఒన్సా వదిన చెప్పింది" అన్నాడు. వదిన అలా చెప్పలేదు. కానీ కాదని కూడా అనలేదు.

పండుగ రోజు అన్న ఉతికిన చొక్కా వేసుకున్నాడు. చెప్పులు ఎక్కక ఉత్త కాళ్ళతో నడిచాడు. గుళ్ళో కథ సాగుతోంది, పెరట్లో మూడు పెద్ద కుండలు ఉడుకుతున్నాయి. అన్న పందిట్లోకి రాగానే మగవాళ్ళు లేచి దారి ఇచ్చారు. ఎవరో గరిటె తెచ్చి అతని చేతిలో పెట్టారు. ఆ క్షణం అతని ముఖం చూడాలి మీరు. నా కోపం కాసేపు ఎటో పోయింది.

ముద్ద చేశాడు, ముంచాడు, నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. ఎప్పటికన్నా ఎక్కువసేపు అలాగే ఉన్నాడు. ఇంకో ముద్ద తిన్నాడు. తర్వాత, "చంథీ, గా నీళ్ళ చెంబు తే" అన్నాడు.

తీసుకెళ్ళాను. చెంబు అందుకునే వంకతో నా వైపు వంగాడు.

"నాకేం తెలుస్తలేదే" అని గొణిగాడు. "ఇనుము నాకినట్టున్నది. ఏది తిన్న గంతే, నెల సంది. ఉప్పన లేదు, నువా లేదు. నువ్వు సూడు."

కిడ్నీలు బాగా పాడైతే నోట్లో అలా ఉంటుందని మాకు చెప్పారు. అన్నకి అలా అవుతుందని నాకు తట్టనే లేదు. నాలుక కోసం కిడ్నీలు ఇచ్చాడు, ఇప్పుడు నాలుక కూడా పోయింది. అందరూ చూస్తున్నారు. వీపు అడ్డం పెట్టి, కుండ అంచున వేలు రాసి నోట్లో పెట్టుకున్నాను.

బాగుంది. నిజంగా బాగుంది. ఊట తక్కువగా, సోయాకు వాసనతో, నేనూ వదినా కష్టపడి నేర్చుకున్న రుచి అదే. నేను "చాలు" అంటే అన్న చాలు అంటాడు. ఊరంతా ఆ పూట ఆరోగ్యమైన కూర తింటుంది. తిని నవ్వుతుంది, చేపల సాసు సీసాలు అడుగుతుంది, గరిటె ఇంకొకడు లాక్కుంటాడు. మా అన్న మిషన్ మంచం మీద ఆ నవ్వు వింటూ పడుకుంటాడు.

ఊరి పెద్ద దగ్గరికి వచ్చాడు. కిందటి వారమే అతని రక్తపోటు చూసి బెదిరించి వచ్చాను. "ఏమన్నవ్ ఖమ్మూన్ అన్నా, చాలునా?" అన్నాడు.

అన్న నా ముఖంలోకి చూశాడు. అంత భయం అతని కళ్ళలో ఆసుపత్రిలో కూడా చూడలేదు.

"ఇంకో రెండు" అన్నాను, పెదవులు కదలకుండా.

"ఇంకో రెండు గరిటెలు!" అని అన్న గట్టిగా చెప్పాడు.

పోశారు. మూడు కుండల్లోనూ పోశారు. ఖమ్మూన్ నాలుక తిరిగొచ్చిందని ఊరంతా మెచ్చుకుని, మళ్ళీ మళ్ళీ పెట్టించుకుని తిన్నారు. అన్న అందరి మధ్య కూర్చుని, కూర ముట్టకుండా ఒట్టి జిగురన్నం తిన్నాడు. ఊరందరికీ ఆ కూర వడ్డించింది నేను.